నీరే మొదటి లెన్స్

నీళ్లలో ఫొటోలు తీయాలని సరదా పడేవాళ్లు ముందు అడిగేది ఏ కెమెరా కొనాలని. తర్వాత ఏ లెన్స్ అని. లెన్స్‌కీ నీటికీ మధ్య ఉండే పోర్ట్ సంగతి, కెమెరాని తడవకుండా కాపాడే హౌసింగ్ అనే పెట్టెకి ఆర్డర్ పెట్టే రోజున గుర్తొస్తుంది. ఈ వరసని పూర్తిగా తిరగేయమని నా సలహా. ఏ నీళ్లలో దిగుతారు, అక్కడ దేన్ని తీస్తారు అన్నది ముందు తేల్చుకోవాలి. దానికి తగిన లెన్స్, పోర్ట్ జత తర్వాత. ఆ జతకి సరిపడే కెమెరా, హౌసింగ్ ఆఖరున. పోర్ట్‌ని కెమెరా తడవకుండా కాసే మూత అనుకుంటాం గానీ, నీళ్లలోకి దిగాక అదీ ఒక లెన్సే.

మన జంషెడ్‌పూర్‌కి సముద్రం లేదు. సువర్ణరేఖ, ఖర్కాయి కలిసే దోముహాని ఉంది, దల్మా కొండల పాదాన డిమ్నా జలాశయం ఉంది. అయినా ఇక్కడి తెలుగు ఇళ్లకి సముద్రం కొత్త కాదు. టాటా కర్మాగారంలో పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. అవే ఊళ్ల నుంచి అండమాన్ వెళ్లి స్థిరపడ్డవాళ్లూ ఉన్నారు. బిష్టుపూర్‌లోనో కదమాలోనో పెరిగిన పిల్లలకి సెలవుల్లో వెళ్లడానికి విశాఖలో మేనమామ ఇల్లు ఉండొచ్చు, పోర్ట్ బ్లెయిర్‌లో చిన్నాన్న ఇల్లు ఉండొచ్చు. విశాఖలో రుషికొండ దగ్గర డైవ్ చేయొచ్చు, అండమాన్‌లో హేవ్‌లాక్ ద్వీపంలోనూ చేయొచ్చు. రెండూ బంగాళాఖాతం వైపువే అయినా ఫొటో తీసేవాడికి అవి రెండు వేర్వేరు నీళ్లు. ఒకచోట అద్భుతంగా పనిచేసిన లెన్స్‌ని రెండోచోట సంచిలోంచి తీయకపోవడమే మేలనిపిస్తుంది.

ముందు కాంతి సంగతి. కాంతి గాలిలో పోయే వేగంలో నాలుగింట మూడు వంతుల వేగంతోనే నీళ్లలో పోతుంది. అందుకే ఒకదాన్నుంచి మరొకదానిలోకి వాలుగా దాటేటప్పుడు వంగుతుంది. బళ్లో చదువుకున్న వక్రీభవనం ఇదే. మంచినీటి వక్రీభవన గుణకం 1.33, సముద్రపు నీటిది 1.34కి దగ్గర. మధ్యలో ఉండే పోర్ట్ గాజు రెండు వైపులా సమాంతరంగా ఉంటే దాని ప్రభావం చాలా కొద్ది. అసలు వంపు నీటికీ, హౌసింగ్ లోపలి గాలికీ మధ్యే జరుగుతుంది.

బల్లపరుపు గాజుతో చేసిన ఫ్లాట్ పోర్ట్ వెనక నుంచి చూస్తే చేప ఉన్న దూరంలో నాలుగింట మూడు వంతుల దూరంలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. దగ్గరకొచ్చినట్టుంటుంది కాబట్టి మూడోవంతు పెద్దదిగానూ అనిపిస్తుంది. లెన్స్‌కి దీనివల్ల జరిగే నష్టం దృశ్య విస్తృతి తగ్గడం. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద 28 మి.మీ. లెన్స్ నేల మీద మూల నుంచి మూలకి దాదాపు 75 డిగ్రీలు చూస్తుంది. అదే లెన్స్ ఫ్లాట్ పోర్ట్ వెనక నీళ్లలో 54 డిగ్రీలే చూస్తుంది. వైడ్ లెన్స్‌కి డబ్బు పెట్టి మామూలు లెన్స్‌తో తీస్తున్నట్టే. ఇంకా వైడ్ లెన్స్ పెడితే సరిపోతుంది కదా అంటే, దానికి ప్రకృతే హద్దు గీసింది. నీళ్లలోంచి గాలిలోకి కాంతి దాటగలిగే సందిగ్ధ కోణం దాదాపు 48.6 డిగ్రీలు. అంతకన్నా వాలుగా వచ్చిన కిరణం సంపూర్ణంగా వెనక్కి పరావర్తనం చెందుతుంది. కాబట్టి ఎంత వైడ్ లెన్స్ పెట్టినా ఫ్లాట్ పోర్ట్ లోంచి 97 డిగ్రీలు దాటి చూడలేం. ఆ హద్దు దాకా వెళ్లకముందే చిత్రం అంచులు పాడవుతాయి. ఒక్కో రంగు ఒక్కోలా వంగుతుంది కనుక మూలల్లో ఎరుపు, నీలం అంచులు విడిపోతాయి. గీతలు మూలల వైపు లాగినట్టు సాగుతాయి.

ఇంత చెడ్డపేరు ఉన్నా ఫ్లాట్ పోర్ట్ చిన్నవాటిని దగ్గర నుంచి పెద్దగా తీసే మాక్రో ఫొటోలకి చక్కని తోడు. 90 మి.మీ., 100 మి.మీ. మాక్రో లెన్స్‌లు చూసేది ఇరుకు కోణం. ఆ ఇరుకులో కిరణాలు గాజుకి దాదాపు నిటారుగా వస్తాయి కాబట్టి రంగులు విడిపోవడం, గీతలు సాగడం పెద్దగా కనిపించవు. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. ఫ్లాట్ పోర్ట్ వల్ల మాక్రో లెన్స్‌కి మాగ్నిఫికేషన్ పెరుగుతుందంటారు. నీటి ఉపరితలం మనకి చూపించే మిథ్యా ప్రతిబింబం అసలు వస్తువంత సైజులోనే ఉంటుంది, దగ్గరకి జరుగుతుందంతే. అందువల్ల 1:1, అంటే వస్తువుని సెన్సర్ మీద అసలు సైజులోనే, తీయగల లెన్స్ అతి దగ్గరి ఫోకస్‌లో నీళ్లలోనూ 1:1 తీస్తుంది. నిజమైన లాభం మరోటి. ప్రాణి గాజుకి 6 సెం.మీ. దూరంలో ఉన్నట్టు లెన్స్‌కి అనిపిస్తుంటే నిజానికి అది 8 సెం.మీ. దూరంలో ఉంటుంది. బెదిరే చిన్న చేపకీ, పక్కల నుంచి పడాల్సిన స్ట్రోబ్ (నీటి అడుగున వాడే ఫ్లాష్) వెలుగుకీ ఆ అదనపు 2 సెం.మీ. చాలా విలువైన చోటు.

వైడ్ ఫొటోలకి మాత్రం గోళాకారపు డోమ్ పోర్ట్ కావాలి. డోమ్ కేంద్రం వైపు వచ్చే ప్రతి కిరణం దాని ఉపరితలాన్ని నిటారుగా తాకుతుంది. నిటారుగా వచ్చిన కిరణం వంగదు. లెన్స్ ఆ కేంద్రం దగ్గర నుంచి చూస్తే దాని 75 డిగ్రీలు 75 డిగ్రీలుగానే ఉంటాయి, రంగులు విడిపోవు. కానీ డోమ్ దీనికి ఒక మూల్యం అడుగుతుంది. పోర్ట్ బయట నీరు, లోపల గాలి, మధ్యలో వంపు ఉపరితలం. ఇవి కలిసి ఒక పుటాకార లెన్స్‌లా పనిచేస్తాయి. అంటే లెన్స్ అసలు దృశ్యాన్ని చూడదు. డోమ్‌కి ఎదురుగా కొంచెం దూరంలో ఏర్పడే మిథ్యా ప్రతిబింబాన్ని చూస్తుంది.

ఎంత దూరంలో? లెక్క చాలా తేలిక. ఎంతో దూరాన ఉన్న వస్తువు ప్రతిబింబం డోమ్ ముందు దాని వ్యాసార్ధానికి మూడు రెట్ల దూరంలో పడుతుంది. వ్యాసార్ధం 11 సెం.మీ. ఉన్న పెద్ద డోమ్ తీసుకుంటే, ఎక్కడో దూరాన లీలగా కనిపించే పగడపు దిబ్బ కూడా గాజుకి 33 సెం.మీ. దూరంలో ఉన్నట్టే లెన్స్‌కి కనిపిస్తుంది. నిజంగా ఒక మీటరు దూరంలో ఉన్న తాబేలు 23 సెం.మీ. దగ్గర ఉన్నట్టుంటుంది. మీటరు దూరం నుంచి చూపు ఆనినంత దూరం దాకా ఉన్న సముద్రమంతా ఆ పది సెంటీమీటర్లలోకి ముడుచుకుపోయింది! వ్యాసార్ధం 5 సెం.మీ. ఉన్న చిన్న డోమ్‌తో అయితే దూరపు దిబ్బ 15 సెం.మీ. దగ్గర, తాబేలు 12.5 సెం.మీ. దగ్గర.

ఇక్కడే లెన్స్ ఎంపిక తేలిపోతుంది. లెన్స్ కనీస ఫోకస్ దూరాన్ని తయారీదారులు సెన్సర్ నుంచి కొలిచి చెబుతారు, లెన్స్ ముందు గాజు నుంచి కాదు. చిన్న డోమ్ వెనక ఉన్న లెన్స్ సెన్సర్ నుంచి 25, 30 సెం.మీ. దూరాన్ని ఫోకస్ చేయలేకపోతే, ఆ డోమ్‌లోంచి దగ్గరిదీ, దూరపుదీ, దేన్నీ స్పష్టంగా తీయలేదు. నేల మీద ఎంత గొప్ప పేరున్న లెన్స్ అయినా సరే. ఖరీదు, ఎపర్చర్ చూసి లెన్స్ కొని, తర్వాత దానికి డోమ్ వెతుక్కునేవాళ్లకి ఎక్కువగా తగిలే దెబ్బ ఇదే. అందుకే ఫిష్‌ఐ లెన్స్‌లకి నీళ్లలో అంత ఆదరణ. ఒలింపస్ 8 మి.మీ. ఫిష్‌ఐ 180 డిగ్రీలు చూస్తుంది, సెన్సర్ నుంచి 12 సెం.మీ. దూరంలో ఉన్నదాన్ని కూడా ఫోకస్ చేస్తుంది. చిన్న డోమ్‌లోనే ఇమిడిపోతుంది. ఫిష్‌ఐ గీతల్ని వంచుతుందన్న బాధ నీటి అడుగున ఎవరికీ ఉండదు. అక్కడ గోడలూ కరెంటు స్తంభాలూ లేవు కదా.

మిథ్యా ప్రతిబింబంతో ఇంకో చిక్కు, అది బల్లపరుపుగా ఉండక వంగి ఉంటుంది. మామూలు వైడ్ లెన్స్ బల్లపరుపు తలాన్ని ఫోకస్ చేసేలా తయారైంది. మధ్యలో స్పష్టంగా ఉన్న బొమ్మ మూలల్లో మసకబారేది అందుకే. ఎపర్చర్ బాగా మూస్తే ఫోకస్ లోతు పెరిగి మూలలు తేరుకుంటాయి. ఫుల్‌ఫ్రేమ్‌లో ఎఫ్/11, ఒక్కోసారి ఎఫ్/16 దాకా మూయాల్సి వస్తుంది. చిన్న సెన్సర్ ఉన్న మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాకి ఎఫ్/8 చాలు. ఎఫ్/1.4 లెన్స్‌కి అదనంగా పోసిన డబ్బు డోమ్ వెనక ఎలా వృథా అవుతుందో ఈ లెక్కే చెబుతుంది. డోమ్ పెద్దదైతే ప్రతిబింబం కాస్త దూరం జరిగి వంపు తగ్గుతుంది, మూలలు బాగుపడతాయి. సగం నీళ్లలో, సగం బయట కనిపించే ఫొటోలకీ పెద్ద డోమే సుఖం. అలకి ఊగే నీటిగీత పెద్ద గాజు మీద నిలకడగా దొరుకుతుంది. కాకపోతే పెద్ద డోమ్ నిండా గాలి. అది ముందు భాగాన్ని పైకి లాగుతుంటే గంటసేపు మణికట్టుతో దాన్ని అణిచిపట్టుకోవాలి.

డోమ్ కేంద్రం దగ్గర లెన్స్ ఉండాలన్నాం. కచ్చితంగా చెప్పాలంటే ఉండాల్సింది లెన్స్ ప్రవేశ కంత. ముందు నుంచి లెన్స్‌లోకి తొంగి చూస్తే లోపల ఎపర్చర్ రంధ్రం ఎక్కడున్నట్టు కనిపిస్తుందో అదే ఆ చోటు. ప్రతి లెన్స్‌కీ అది వేరు. జూమ్ తిప్పితే కదులుతుంది కూడా. దాన్ని డోమ్ కేంద్రానికి చేర్చడానికే డోమ్‌కీ హౌసింగ్‌కీ మధ్య ఎక్స్‌టెన్షన్ రింగులు వేస్తారు. 20 మి.మీ. రింగు వేయాల్సిన చోట 30 మి.మీ. వేస్తే నీరు కారదు, ఫోకస్ కుదురుతుంది, అంతా బాగానే ఉన్నట్టుంటుంది. మూలలు మాత్రం సాగిపోయి, మసకగా వస్తాయి. నాటికామ్, ఐకెలైట్, ఐసోటా లాంటి కంపెనీలు ఏ లెన్స్‌కి ఏ పోర్ట్, ఎంత రింగు, ఏ జూమ్ గేర్ అని చార్టులు ఇస్తాయి. కెమెరా బ్రోషర్ కన్నా ముందు చదవాల్సినవి అవే. మీ లెన్స్ పేరు చార్టులో లేకపోతే ఆ లెన్స్‌ని ఇంటి దగ్గరే ఉంచడం మంచిది.

రింగు సరిపోయిందో లేదో చూసుకోవడానికి సముద్రం దాకా వెళ్లనక్కర్లేదు. డిమ్నా పనికిరాదా అంటే, అది నగరానికి తాగునీరిచ్చే జలాశయం, అనుమతి లేకుండా పరికరాలతో దిగే చోటు కాదు. పైగా మన పరీక్షకి తేటనీరు కావాలి. పలకలు పరిచిన గోడ ఉన్న ఈతకొలను చాలు. గోడకి ఎదురుగా, సమాంతరంగా, అరమీటరు దూరంలో కెమెరా పట్టుకుని ఎఫ్/4 దగ్గర ఒకటి, ఎఫ్/8 దగ్గర ఒకటి, ఎఫ్/11 దగ్గర ఒకటి తీయాలి. మధ్య పలక మీద ఫోకస్ పెట్టాలి. తర్వాత కంప్యూటర్ మీద నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడాలి. పలకల మధ్య తెల్లగీతలు మూలల వైపు పిండినట్టు సాగి, ఎపర్చర్ ఎంత మూసినా అలాగే ఉంటే రింగు పొడవు తప్పు. గీతలు తిన్నగా ఉండి మసక మాత్రమే ఉంటే, అదీ ఎఫ్/11 దగ్గర తేరుకుంటే, అది డోమ్ వంపు ప్రభావం. దాంతో సర్దుకుపోవాలి. ఒక వైపు మూలలు బాగుండి రెండో వైపు చెడితే మీరు గోడకి వాలుగా నిలబడ్డారు, మళ్లీ తీయండి. మంచినీటికీ సముద్రపు నీటికీ వక్రీభవనంలో తేడా అర శాతమే కనుక కొలనులో కుదిరిన జత సముద్రంలోనూ కుదురుతుంది. తేలే బరువు మాత్రం మారుతుంది. సముద్రపు నీరు మంచినీటి కన్నా రెండున్నర శాతం ఎక్కువ బరువు. ఆరు లీటర్ల నీటిని తోసే హౌసింగ్‌ని సముద్రం కొలను కన్నా ఇంకో 150 గ్రాములు ఎక్కువగా పైకి నెడుతుంది.

గాలిని మధ్యలోంచి తప్పించేస్తే ఈ బాధలేవీ ఉండవు కదా అన్న ఆలోచన పాతదే. ఫ్రాన్స్‌లో లూయీ బుటాఁ 1893లో బాన్యూల్స్ తీరంలో నీళ్లలో కెమెరా దించినప్పటి నుంచి పెట్టెలో పెట్టి దించడమే పద్ధతి. సముద్ర పరిశోధకుడు జాక్ కూస్తో కోసం జాఁ ద వౌటర్స్ రూపొందించిన కాలిప్సో కెమెరాకి పెట్టె అక్కర్లేదు, దాని ఒళ్లే నీటిని ఆపుతుంది. నికాన్ ఆ హక్కులు తీసుకుని 1963లో నికోనోస్ పేరుతో విడుదల చేసింది. దానికోసం చేసిన 15 మి.మీ. లెన్స్ ముందు గాజు నేరుగా నీటిని తాకుతుంది. నీటి వక్రీభవనాన్ని లెక్కలో కలుపుకునే రూపొందించారు కాబట్టి మూలలు కూడా కత్తిలా పదును. గాలిలో అది పనికిరాదు. ఆ లెన్స్ వెనక గాజు ఫిల్మ్‌కి బాగా దగ్గరగా చొచ్చుకొస్తుంది. నికోనోస్‌లో అద్దం లేదు కాబట్టి అది కుదిరింది. మధ్యలో అద్దం కదిలే ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలకి దాన్ని బిగించడం అసాధ్యం. నికోనోస్ తయారీ 2001లో ఆగిపోయింది. తర్వాత అద్దం తీసేసిన మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చి, మౌంట్‌కీ సెన్సర్‌కీ మధ్య దూరం సోనీలో 18 మి.మీ.కి, నికాన్ జడ్‌లో 16 మి.మీ.కి తగ్గిపోయాక ఆ పాత లెన్స్‌కి మళ్లీ ప్రాణం వచ్చింది. నాటికామ్ దాన్ని సోనీ హౌసింగ్‌కి బిగించే అడాప్టర్ చేసింది. నీటికోసమే పుట్టిన ఒక లెన్స్ ఇన్నేళ్ల తర్వాత కొత్త సెన్సర్ ముందు నిలబడిందంటే, నాకు ఈ రంగం మొత్తంలో ఇంతకన్నా సంతోషం కలిగించే విషయం లేదు.

అదే సూత్రం ఇవాళ అందుబాటులోకి వచ్చింది వెట్ లెన్స్ రూపంలో. ఫ్లాట్ పోర్ట్ ముందు బయటి నుంచి బిగించే ఈ లెన్స్‌కీ పోర్ట్‌కీ మధ్య నీరే నిండుతుంది. నీటిని కూడా కలుపుకుని లెక్కగట్టిన గాజు ఇది. నాటికామ్ డబ్ల్యూడబ్ల్యూఎల్-1ని సోనీ 28-60 మి.మీ. కిట్ లెన్స్ ముందు పెడితే ఫ్లాట్ పోర్ట్‌లో 54 డిగ్రీలకి కుంచించుకుపోయిన దృశ్యం 130 డిగ్రీలకి విప్పారుతుంది. దగ్గరి వస్తువుల్ని దాదాపు గాజు దాకా ఫోకస్ చేస్తుంది. జూమ్ కూడా పనిచేస్తుంది. బాడీతో పాటు వచ్చి, ఎవరూ లెక్కచేయని చిన్న లెన్స్ ఇక్కడ రాజు. నీళ్లలోనే విప్పి పక్కన తగిలించుకోవచ్చు, దాని చోట క్లోజప్ వెట్ లెన్స్ బిగించుకోవచ్చు. ఒకే డైవ్‌లో పెద్ద దిబ్బనీ, చిటికెన వేలి గోరంత సముద్రపు నత్తనీ తీయవచ్చు. జాగ్రత్త ఒక్కటే: దిగిన వెంటనే వదులు చేసి, మధ్యలో అతుక్కున్న గాలి బుడగల్ని వేలితో తుడిచి మళ్లీ బిగించాలి. లేదంటే ప్రతి ఫొటోలోనూ ఆ బుడగలే.

ఇప్పుడు నీళ్ల సంగతి. స్వచ్ఛమైన నీరు కూడా ఎరుపుని తాగేస్తుంది. 650 నానోమీటర్ల ఎరుపు కాంతి ఐదు మీటర్ల నీళ్లు దాటేసరికి ఐదోవంతు కూడా మిగలదు. మీటరు దూరంలో ఉన్న చేప మీదికి స్ట్రోబ్ వెలుగు పోయి తిరిగొచ్చేసరికి రెండు మీటర్లు, సగం ఎరుపు పోయింది. అదే చేప 30 సెం.మీ. దూరంలో ఉంటే ఐదింట నాలుగు వంతులు దక్కుతుంది. దీనికి తోడు నీళ్లలో తేలే మట్టి, ప్లవకాలు స్ట్రోబ్ వెలుగులో మంచు కురిసినట్టు మెరుస్తాయి. రెండింటికీ మందు ఒక్కటే, మధ్యలో నీళ్లని తగ్గించుకోవడం. వైడ్ లెన్స్ దూరపు దృశ్యం కోసం అనుకుంటాం. నీళ్లలో దాన్ని వాడేది పెద్దదాన్ని అతి దగ్గరగా వెళ్లి తీయడానికి.

అందుకని విశాఖ తీరానికి నేను సిఫారసు చేసేది మాక్రో. నదులు తెచ్చే ఒండ్రు, అలల తాకిడి వల్ల అక్కడ చూపు ఆనని రోజులే ఎక్కువ. రాళ్ల సందుల్లో పీతలు, రొయ్యలు, నత్తలకి కొదవ లేదు. మైక్రో ఫోర్ థర్డ్స్ వాడేవాళ్లకి ఒలింపస్ 60 మి.మీ., సోనీ వాళ్లకి 90 మి.మీ., కానన్ వాళ్లకి ఆర్ఎఫ్ 100 మి.మీ. ఫ్లాట్ పోర్ట్‌తో సరిపోతాయి. బాగా మసకగా ఉన్న రోజుల్లో 60 మేలు. పొడవాటి మాక్రోకి ప్రాణికీ కెమెరాకీ మధ్య ఎక్కువ నీళ్లు పడతాయి. అండమాన్‌లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నీరు తేటగా ఉండే కాలంలో దిబ్బలు, చేపల గుంపులు వైడ్‌ని కోరతాయి. అక్కడికి ఫిష్‌ఐ, చిన్న డోమ్ జత గానీ, కిట్ లెన్స్, వెట్ లెన్స్ జత గానీ పట్టుకెళ్లండి. హౌరా వెళ్లి, కోల్‌కతాలో విమానం ఎక్కి, పడవ మారి వెళ్లాల్సిన ప్రయాణంలో పెద్ద డోమ్ ఒక్కటే ఒక సంచి తినేస్తుంది.

గాజా, అక్రిలికా అన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. గాజు డోమ్‌కి గీతలు సులభంగా పడవు, పైపూత వల్ల లోపలి ప్రతిఫలనాలు తక్కువ. అక్రిలిక్ తేలిక, చవక. దాని మీద సన్నగీతలు నీటితో నిండి చాలావరకు మాయమవుతాయి, పాలిష్ కూడా చేసుకోవచ్చు. ఎండకి ఎదురుగా తీసేవాళ్లు గాజు కొనండి, మిగతావాళ్లకి అక్రిలిక్ చాలు.

ఒత్తిడిని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 30 మీటర్ల లోతులో 10 సెం.మీ. వ్యాసం ఉన్న పోర్ట్ మీద దాదాపు 240 కిలోల బరువు పడుతుంది. ఆ ఒత్తిడికి నీరు లోపలికి చొరబడకుండా ఆపేది ఓ-రింగు అనే రబ్బరు వలయం, దాన్ని ఓడించడానికి ఒక్క వెంట్రుక చాలు. వేలి కొసతో చుట్టూ తడిమి, గింజంత గ్రీజు రాసి, దిగే ముందు పంపుతో హౌసింగ్‌లో గాలి కాస్త లాగి చూసుకోవాలి. కాసేపటి తర్వాత కూడా లోపలి పీడనం మారకపోతేనే నీళ్లలోకి. డైవ్ అయ్యాక హౌసింగ్‌ని మంచినీళ్లలో నానబెట్టాలి. అల్యూమినియం హౌసింగ్‌లో స్టీలు మర తగిలిన చోట ఉప్పునీరు నిలిస్తే విద్యుత్ రసాయన చర్య మొదలై అల్యూమినియాన్ని తినేస్తుంది. 1950 నుంచి జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల ఉన్న ఊరివాళ్లకి లోహక్షయం గురించి నేను ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఇక డబ్బు. హౌసింగ్ ఒక్క కెమెరా బాడీకే అచ్చు, బాడీ మార్చిన రోజున అది మూలన పడుతుంది. పోర్ట్, రింగు, వెట్ లెన్స్ అలా కావు. హౌసింగ్ కంపెనీ, పోర్ట్ మౌంట్ మారనంత కాలం తర్వాతి కెమెరాకీ పనికొస్తాయి. నాటికామ్‌లో ఎన్100, ఎన్120 లాంటి మౌంట్ సైజులు ఉన్నాయి, ఒకదానిది మరోదానికి బిగించాలంటే అడాప్టర్ రింగు కావాలి. పాతవి కొనేటప్పుడు ముందుగా అడగాల్సింది ఆ సైజే. కాబట్టి బడ్జెట్ బిగువుగా ఉంటే ఒక తరం పాత బాడీని, దాని హౌసింగ్‌ని సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుని, మిగిలిన డబ్బు ఒక మంచి ఫ్లాట్ పోర్ట్, ఒక మాక్రో లెన్స్, రెండు స్ట్రోబ్‌ల మీద పెట్టండి. వైడ్ వెట్ లెన్స్‌ని అండమాన్ టికెట్లు ఖాయమయ్యాక కొనుక్కోవచ్చు.